బొమ్మలో లేని అవ్వ

పెదకాకానిలో బస్సు దిగితే ఇప్పటికీ ఎవరో ఒకరు నన్ను ఆపి ఉప్పు అవ్వ సంగతి ఎత్తుతారు. మొన్న మందుల షాపు దగ్గర ఒకాయన అలాగే చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ జపాను బొమ్మల కథకి ముగింపు నెట్‌లోంచి పట్టుకొచ్చింది నువ్వే కదూ? మా అమ్మ పోయేదాకా చెప్పుకునేదయ్యా. ముగింపంటే అదీ అనేది."

నేను నవ్వి తల ఊపాను. ఇన్నేళ్ళుగా అలా ఊపుతూనే ఉన్నాను. నిజానికి ఆ ముగింపు నేను తేలేదు. అది నెట్‌లో లేదు, అసలు పుస్తకంలోనే లేదు. దాన్ని చెప్పింది మా చెల్లి. ఆమె అలా చెప్పకూడదని గొడవపడినవాణ్ణి నేను. ఊరు నా పేరు మీద వేసిన ఆ మెచ్చుకోలు ఎవరిదో వాళ్ళకి చేరాలని ఇది రాస్తున్నాను.

మాది దూది ఏకే ఇల్లు. గుంటూరు రోడ్డు మీద నాన్నకి పరుపుల కొట్టు ఉండేది. ముందు గదిలో దూది ఏకే మిషను, వెనక గదిలో చెల్లి కుట్టు మిషను. చారల గుడ్డతో పరుపు గలేబులు కుట్టడం ఆమె పని. కొన్నేళ్ళు వాడిన పరుపు విప్పితే లోపల దూది గడ్డలు కట్టి ఉంటుంది. మిషనులో వేస్తే మళ్ళీ పొంగుతుంది గానీ కొంత నూగైపోయి గాల్లో కలుస్తుంది. ఆ తరుగుకి కొత్త దూది వేయాలి. అందుకే మా దగ్గరికి పాత పరుపు తెచ్చినవాళ్ళు దాన్ని వదిలిపెట్టి వెళ్ళేవాళ్ళు కాదు. తమ దూది తమకే వస్తుందా, దాంట్లో నాసిరకం ఏమైనా పడుతుందా అని, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని బల్ల మీద సగం రోజు కూర్చునేవాళ్ళు. ఒకరికి అది తల్లి తన చేలో ఏరిన పత్తి. ఇంకొకరికి పిల్లలందరూ పుట్టిన పరుపు. వాళ్ళని తప్పు పట్టడానికి లేదు.

అలా కూర్చున్నవాళ్ళకి కాలక్షేపంగా నాన్న ఒక చిన్న టీవీ పెట్టించాడు. మధ్యాహ్నం పూట పిల్లల ఛానల్లో తెలుగులోకి మార్చిన జపాను కార్టూన్లు వచ్చేవి. వాటిలో ఒకటి గంట మోసేవాడి కథ. యుద్ధంలో ఒక కొండ గుడి గంటని సైనికులు ఎత్తుకుపోతారు. మాట రాని ఒక యువకుడు దాన్ని వెతికి పట్టుకుని, వీపు మీద మోసుకుంటూ తిరిగి కొండకి బయలుదేరతాడు. దారిలో అతనికి ఒక ముసలావిడ తోడవుతుంది. నెత్తిన ఉప్పు బుట్ట, నోటి నిండా తిట్లు. "ఒరేయ్ మూగోడా, గంట దించి ముద్ద తిను" అనేది ఆవిడ మాట. తెలుగు గొంతు ఇచ్చినావిడ ఎవరో గానీ, మా పక్క సందులో మనిషి అరిచినట్టే ఉండేది.

కరెంటు కోత వల్ల సగం రోజులు ఆ కార్టూను కనపడేది కాదు. కనపడినా, ఇవాళ చూసిన గిరాకీ రేపు రాదు. కాబట్టి వచ్చినవాళ్ళకి ముందు కథ చెల్లి చెప్పాలి. గలేబు కుడుతూనే చెప్పేది. దారం తెగినచోట కథ కూడా ఆపేది, సూదిలో దారం ఎక్కించేదాకా ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. పని అయిపోయాక కూడా పరుపు రిక్షా ఎక్కించకుండా కూర్చున్నవాళ్ళని నేను చూశాను. గిరాకీ కాని ఆడవాళ్ళు కూడా దిండు ఒకటి చంకన పెట్టుకుని వచ్చేవాళ్ళు. "దీంట్లో దూది అణిగిపోయింది చూడమ్మాయ్" అంటూ. దూది బాగానే ఉండేది.

ఉన్నట్టుండి ఛానల్ వాళ్ళు ఆ కార్టూను ఆపేశారు. గంట మోసేవాడూ అవ్వా కొండ కనపడే దూరానికి వచ్చారు, మర్నాడు అదే సమయానికి ఇంకేదో కారు పందేల బొమ్మలు మొదలయ్యాయి. ఎందుకు ఆపారో చెప్పేవాళ్ళు లేరు. మా బల్ల మీద పెద్ద అలజడి. మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పే పంతులమ్మ ఒకావిడ ఉండేవారు, చర్చి వీధి. అందరికన్నా ఆవిడకే ఎక్కువ కోపం. "ఇదేం అన్యాయం? బస్సు ఎక్కించుకుని సగం దారిలో దింపేసినట్టు!"

మా వీధిలోనే కేబుల్ ఆఫీసు ఉండేది. ఆ కేబుల్ ఆయన కూడా కొట్లో కూర్చుని కథ విన్నవాడే. లోకల్ ఛానల్లో సాయంత్రం పూట పాటలూ చీరల కొట్ల ప్రకటనలూ వేసేవాడు. ఒకరోజు చెల్లితో అన్నాడు.

"అమ్మాయ్, మిగిలిన కథ మా కెమెరా ముందు కూర్చుని చెబుతావా? రోజూ కాసేపు."

"మిగిలిన కథ నాకు తెలిస్తేగా, అన్నా?"

అప్పుడు నేను ముందుకొచ్చాను. గుంటూరులో ఒక నెట్ సెంటర్లో పనిచేసేవాణ్ణి. డిగ్రీ మధ్యలో వదిలేసినా ఇంగ్లీషు చదవగలను. జపానులో ఇలాంటి కథ ముందు బొమ్మల పుస్తకంగా వస్తుందనీ, దాన్ని మాంగా అంటారనీ, దాన్నుంచే టీవీకి యానిమే తీస్తారనీ అప్పటికే తెలుసుకున్నాను. అభిమానులు ఆ పేజీలని స్కాన్ చేసి, మాటలు ఇంగ్లీషులోకి మార్చి నెట్‌లో పెట్టేవాళ్ళు. గంట మోసేవాడి పుస్తకం మొత్తం దొరికింది. ప్రింట్లు తీసి తెస్తాను, అర్థం నేను చెబుతాను, కెమెరా ముందు నువ్వు చెప్పు అన్నాను. ఆ రోజు ఇంట్లో నా అంత గొప్పవాడు లేడు.

మొదట తెచ్చిన పేజీలు నాకే సరిగ్గా అర్థం కాలేదు. దెబ్బ తగిలి పడిపోయిన మనిషి ఆ పక్క బొమ్మలో లేచి నిలబడి ఉన్నాడు, దాని తర్వాత బొమ్మలో శత్రువు కత్తి దూస్తున్నాడు. "జపాను వాళ్ళ కథలు అలాగే ఉంటాయే, వెనక్కీ ముందుకీ పోతుంటాయి" అని చెల్లికి పాఠం చెప్పాను. ఆమె కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని కాసేపు చూసింది. కుడి వైపు పై మూల మీద వేలు పెట్టింది.

"అన్నా, ఇటు నుంచి చూడు. ఖురాన్ చదివినట్టు."

చూశాను. కత్తి దూశాడు, దెబ్బ తగిలింది, పడిపోయాడు. చిన్నప్పుడు మసీదులో ఇద్దరం ఒకే చాప మీద కూర్చుని అలిఫ్ బే నేర్చుకున్నవాళ్ళమే. కాగితం మీద ఇంగ్లీషు అక్షరాలు కనపడేసరికి నా కళ్ళు ఎడమ నుంచి మొదలయ్యాయి. ఇంగ్లీషు రాదు కాబట్టి ఆమె బొమ్మల్ని చూసింది. అప్పుడు నవ్వి ఊరుకున్నాను గానీ, ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు పొంగుతుంది. పెదకాకాని పరుపుల కొట్లో కూర్చుని, ఏ పుస్తకమూ చూడకుండా, మాంగా ఎటు నుంచి చదవాలో కనిపెట్టిన మనిషి మా చెల్లి.

సాయంత్రాలు మొదలయ్యాయి. కేబుల్ ఆఫీసు గోడకి ఒక నీలం దుప్పటి కట్టి, దాని ముందు ప్లాస్టిక్ కుర్చీ వేశారు. చెల్లి తలమీద ముసుగు సర్దుకుని కూర్చునేది. కాగితాన్ని కెమెరాకి చూపిస్తూ బొమ్మ మీద వేలు నడిపిస్తూ చెప్పేది. ప్రతి సాయంత్రం మొదట ఒకే మాట: "ఈ కథ మా అన్న నెట్‌లోంచి తెచ్చాడు." రంగులు లేవేంటని ఎవరో ఫోను చేసి అడిగారు. "టీవీ వాళ్ళకి రంగులున్నాయి, పుస్తకం గీసినాయన దగ్గర సిరా ఒకటే ఉంది. అతని కండువా ఎరుపనే అనుకోండి, మనం చూశాంగా" అంది. అడిగినామె సరేనంది.

చిక్కు అవ్వతో వచ్చింది. పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిరగేశాను, ఉప్పు అవ్వ ఎక్కడా లేదు. బుట్ట లేదు, తిట్లు లేవు. పుస్తకంలో గంట మోసేవాడు మొదటి నుంచీ ఒంటరివాడు. ఆవిడని పూర్తిగా టీవీ వాళ్ళే పుట్టించారు. అప్పట్లో నాకు అది మోసంగా తోచింది. ఎందుకు పుట్టించారో తర్వాత చాలా ఏళ్ళకి గానీ నాకు తెలియలేదు. పుస్తకంలో మాట రాని మనిషి పేజీల తరబడి మౌనంగా నడవచ్చు, చదివేవాడు తన తొందర కొద్దీ పేజీ తిప్పుకుంటాడు. టీవీలో అరగంట పాటు ఎవరూ మాట్లాడకపోతే చూసేవాడు ఛానల్ మారుస్తాడు. పైగా పుస్తకం వారం వారం కొద్దికొద్దిగా వస్తుంది, టీవీ దాన్ని ఇట్టే అందుకుంటుంది. పుస్తకం ముందుకి పోయేదాకా టీవీ వాళ్ళు ఏదో ఒకటి సొంతంగా అల్లాలి. మిషను ఆగకూడదు, బుట్టలో దూది అయిపోయింది. ఈ ఇబ్బంది మా ఇంట్లో ఎవరికైనా తెలిసిందే. నేను మాత్రం దాన్ని జపాను దాకా తీసుకెళ్ళి చూడలేకపోయాను.

నేను చెప్పే అర్థంలో అవ్వ లేకపోయినా చెల్లి చెప్పే కథలో అవ్వ నడుస్తూనే ఉంది. పుస్తకంలో అతను ఒక మంచు రాత్రి చెట్టు కింద పడుకుంటాడు. చెల్లి కథలో అవ్వ గోనెసంచి కప్పి, తిట్టి, పక్కన కూర్చుంటుంది. కొన్నాళ్ళు ఊరుకుని ఒక మధ్యాహ్నం కొట్లోనే అడిగాను.

"లేని మనిషిని ఎందుకు లాక్కొస్తావు? పుస్తకం అసలు. ఇవాళ్టి నుంచి అవ్వ ఉండకూడదు."

"ఎలా తీసేయను అన్నా? జనం కళ్ళారా చూశారు. ఆవిడ చేతి ముద్ద తిన్నాడు అతను."

"టీవీ వాళ్ళు కలిపింది అది."

"కలిపారు. పాత దూదిలో కొత్త దూది పడి మిషనులో తిరిగాక మళ్ళీ వేరు చెయ్యి చూద్దాం."

మిషను చప్పుడులో ఇద్దరం అరుచుకుంటున్నాం. బల్ల మీద పంతులమ్మగారితో పాటు ఇంకొందరు ఉన్నారు. నేను వాళ్ళవైపు తిరిగి అన్నాను. "మీరే చెప్పండి. పుస్తకంలో ఆ ముసలిది లేదు. రోజూ మీకు చెప్పేదాంట్లో మా చెల్లి కలుపుతోంది."

దూది ఏకే కొట్లో గిరాకీల ముందు కలుపుతోంది అనడం ఏంటో ఈ వృత్తి తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. బూతు మాటకైనా అంత ఉలిక్కిపడరు. నాన్న మిషను ఆపేశాడు. గాల్లో నూగు మెల్లగా దిగుతోంది.

"ఒరేయ్, ఎక్కడ నిలబడి ఏం మాట అంటున్నావురా?"

చెల్లి గలేబు అంచు మడుస్తోంది, తలెత్తలేదు. పంతులమ్మగారు మాత్రం ముక్కు మీది కొంగు తీసి తాపీగా అన్నారు.

"కలిపితే కలిపిందిలేవయ్యా. మెత్తగా ఉందిగా."

బల్ల మీద అందరూ నవ్వారు. ఆ నవ్వుకి నా కోపం ఇంకా పెరిగింది. ఇంకా చివరి భాగం మిగిలి ఉంది. ప్రింట్లు ఆమె ముందు పడేసి, "చదువుకో మరి. అర్థం ఎవరు చెబుతారో చూస్తాను" అన్నాను.

"కాగితాలు చాల్లే అన్నా" అంది.

చాలుతాయని నేను అనుకోలేదు. ఒక్క సాయంత్రంలో కథ ఆగిపోతుందని, నన్ను పిలుస్తారని ఎదురుచూశాను. కానీ చివరి భాగంలో మాటలు దాదాపు లేవు. కథానాయకుడు మూగవాడు, ఎదురుపడేవాళ్ళు తక్కువ. కొండ, గాలి, నది. నా ఇంగ్లీషు అవసరం ఎక్కడా రాలేదు. చెల్లి రోజూ వెళ్ళి చెప్పి వచ్చేది. ఇంట్లో నాతో మామూలుగానే మాట్లాడేది, అన్నం పెట్టేది. కథ ఊసు మాత్రం ఎత్తేది కాదు.

చివరి రోజు సాయంత్రం కొట్లో నిలబడటానికి చోటు లేదు. పరుపులూ దిండ్లూ లేకుండా ఉత్త చేతులతో వచ్చినవాళ్ళే ఎక్కువ. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. లోపల నాకు ఒకటే లెక్క: చివరి బొమ్మ నేను చూశాను, దాంట్లో అవ్వని ఇరికించడానికి సందు లేదు. పేజీ మొత్తానికి ఒకే బొమ్మ. నది మధ్యలో చిన్న పడవ, పడవలో మనకి వీపు చూపిస్తూ అతను, అతని పక్కన గంట. చుట్టూ ఖాళీ కాగితం. ఒక్క మాట లేదు. అక్కడ చెల్లి ఆగిపోవాలి. నేను చెప్పిందే నిజమని ఊరంతా చూడాలి.

టీవీలో చెల్లి ఆ కాగితం ఎత్తి పట్టుకుంది. బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ మీద మెల్లగా వేలు తిప్పింది. కొట్లో ఎవరో "అవ్వేదీ?" అన్నారు. ఆ మాట వినపడినట్టే ఆమె అంది:

"అవ్వ కనపడటం లేదు కదా. మీరు గంట మోసేవాడి వీపు చూస్తున్నారు. నీళ్ళ మధ్యలో ఉన్నవాడి వీపు మనకి ఇలా కనపడాలంటే చూసేవాళ్ళు ఎక్కడుండాలి? గట్టు మీద ఉండాలి. ఆ గట్టు మీద నిలబడింది అవ్వే. పడవలో ఇద్దరికీ గంటకీ చోటు చాలదని దిగిపోయింది. ఈ బొమ్మ ఆవిడ చూస్తున్న చూపు. అందుకే ఆవిడ దీంట్లో లేదు. మనం ఇప్పుడు ఆవిడ కళ్ళలోంచి చూస్తున్నాం."

కాగితాన్ని ఇంకాస్త ముందుకి జరిపి, "మొదటి నుంచీ ఈ పుస్తకంలో అవ్వ లేదు అంటారు. లేకేం, చూస్తూ ఉంది" అంది.

కొట్లో పంతులమ్మగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. నాన్న గడ్డం నిండా దూది నూగు. ఆ నూగులోంచి నవ్వుతూ నా వైపు కాదు, టీవీ వైపు కాదు, ఉత్తినే గోడవైపు చూస్తున్నాడు. నేను ఆ బొమ్మని నెట్ సెంటర్లో చూశాను, ప్రింటు తీశాను, మడిచి జేబులో పెట్టుకుని బస్సులో తెచ్చాను. ఆ బొమ్మని చూస్తున్నది ఎవరు అన్న ప్రశ్న నాకు ఒక్కసారీ రాలేదు. చెల్లి పుస్తకాన్నీ టీవీనీ రెంటినీ ఒక్క అక్షరం మార్చకుండా కలిపి కుట్టేసింది. ఎక్కడా కుట్టు పైకి కనపడలేదు.

అప్పుడే కేబుల్ ఆయన తెర మీదికి వచ్చి చేతులు జోడించాడు. ఇంత మంచి ముగింపుని నెట్‌లో వెతికి మన ఊరికి తెచ్చిన అన్నగారికి ధన్యవాదాలు అన్నాడు. చెల్లి కూడా ఎప్పట్లాగే మా అన్న తెచ్చాడు అంది. కొట్లో అందరూ నా వైపు తిరిగారు. ఒకాయన వీపు తట్టాడు. కాదండీ, అది పుస్తకంలో లేదు అని చెప్పడానికి నోరు తెరిస్తే సరిపోయేది. పంతం మీద ఉన్నవాణ్ణి, అంతకు ముందు వారమే ఆమె కలుపుతోందని అరిచినవాణ్ణి, ఆ ఒక్క పూట కలపలేదన్నట్టు ఊరుకున్నాను.

కొన్నేళ్ళకి తెలుగులో బ్లాగులు వచ్చాక మాంగాలూ యానిమేల మీద రాయడం మొదలుపెట్టాను. పుస్తకంలో ఏముంది, టీవీకి ఏం మారింది, ఎందుకు మారింది అని రాస్తే చదివేవాళ్ళు బాగానే ఉండేవారు. కొన్ని కథల్లో టీవీ వాళ్ళు నెత్తురు తుడిచేశారు. కొన్నిటిలో ఒక్క పేజీ పోట్లాటని రోజుల తరబడి లాగారు. ఇలాంటివి పట్టుకోవడం నాకు సరదా. ఒకసారి ఈ గంట మోసేవాడి చివరి బొమ్మ గురించి రాస్తూ, దీన్ని అవ్వ చూపుగా కూడా చదవచ్చు అన్నాను. ఎంత చక్కగా చూశారండీ అని వ్యాఖ్యలు వచ్చాయి. అక్కడ కూడా చెల్లి పేరెత్తలేదు. పరుపు తెచ్చినామె దూది మనం ఉంచుకోవడం అంటే ఇదే. మా నాన్న జీవితంలో ఎన్నడూ చేయని పని.

ఇప్పుడు చెల్లి చీరాలలో ఉంటోంది. సొంతంగా గలేబులూ దిండ్లూ కుట్టించే కొట్టు పెట్టింది, నలుగురు ఆడవాళ్ళు ఆమె దగ్గర పనిచేస్తారు. పోయిన ఆదివారం వెళ్ళి ఇదంతా చదివి వినిపించాను. మోటారు మిషను ఆపకుండానే వింది. తప్పు ఒప్పుకున్న దగ్గర తలెత్తి చూస్తుందేమో అనుకున్నాను, చూడలేదు. మొత్తం అయ్యాక దారం కత్తిరించి అడిగింది.

"ఉప్పు మూట ఏదీ?"

"ఏ మూట?"

"దాన్నీ తీసేశావా! నీకు కత్తిరించడం తప్ప ఇంకేం చేతకాదు అన్నా. ఆ రోజు చివర్లో చెప్పింది అదేగా. పడవలో అతని కాళ్ళ దగ్గర చిన్న మూట ఉంటుంది. దిగిపోయే ముందు అవ్వ కట్టి ఇచ్చింది అది. కొండ మీద వండుకుంటాడని."

పని చేసుకుంటున్న ఆడవాళ్ళు నవ్వారు. నాకు ఆ మాట అస్సలు గుర్తులేదు. బహుశా ఆమె అది చెబుతున్న సమయానికి నేను వీపు తట్టించుకుంటూ ఉండి ఉంటాను.

ఇంటికి వచ్చి ఆ పేజీ వెతికి, పెద్దది చేసి చూశాను. గంట నీడలో, అతని మడమ పక్కన, ఉంది. ముడి వేసిన చిన్న గుడ్డ మూట. పుస్తకం గీసినాయన దాంట్లో ఏం పెట్టాడో నాకు తెలియదు. మా ఊళ్ళో మాత్రం దాంట్లో ఉప్పు ఉంది. మా చెల్లి పెట్టింది.